తప్పిన తప్పులు

చేపల ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడాది
డ్రుసిల్లా పార్డీ నన్ను తన మందుల షాపులో పెట్టుకుంది.
"లెక్క తప్పకుండా లెక్కపెట్టగలవా?"
పదకొండేళ్లు కాడ్ చేప ముక్కలు లెక్కపెట్టినదాన్ని,
మంచునీళ్లలో వేళ్లు మొద్దుబారి
ఎవరివో అనిపించేదాకా.
"ఇక్కడ వేలు తగలకూడదు" అంది,
పళ్లెం, పలచటి గరిటె నా ముందుకు జరిపి.
ఐదేసి. ఐదేసి.
అయిపోయాక మళ్లీ మొదట్నుంచి.

న్యూఫౌండ్లాండ్ దక్షిణపుటొడ్డున మా రేవు.
రోడ్డు లేదు. పడవ వస్తుంది, పొగమంచు ఒప్పుకుంటే.
డాక్టరు నెలకోసారి, నర్సు వారానికోసారి,
డ్రుసిల్లా రోజూ.
గాలం గుచ్చుకున్న బొటనవేలూ, పసిదాని చెవిపోటూ,
టీకాలూ, బీపీ చూడమని చాచిన చేతులూ,
పోయినవాళ్ల అలమరల్లో మిగిలిన మాత్రలూ
అన్నీ ఆ గుమ్మంలోకే.
మత్తుమందుల బీరువా తాళం ఆమె మెడలో ఉంటుంది,
నిద్రలో కూడా తియ్యదని మొగుడి ఫిర్యాదు.

తుపానుకి కరెంటు పోయిన రాత్రి
ఫ్రిజ్ ముందు టార్చిలైటుతో కూర్చున్నాం.
ఏడు డిగ్రీలు. ఎనిమిది.
"బయట మంచులో పెట్టేద్దామా?" అన్నాను.
"గడ్డకడితే ఇంకా చెడు."
తెల్లారేసరికి పదకొండు.
టీకాల పెట్టె మొత్తం పక్కన పెట్టేసింది,
పుస్తకంలో టైము వేసి సంతకం చేసింది.
ఆ పెట్టె ఖరీదెంతో నాకు తెలుసు.

ఊళ్లో సగం మంది ఇంటిపేరు కీపింగ్.
అందులో గార్లాండ్ కీపింగులు ఇద్దరు.
కొండ గార్లాండ్, రేవు గార్లాండ్, తెలియనివాళ్లు లేరు.
తెలుసనుకున్న చోటే కాలు జారుతుందంటుంది డ్రుసిల్లా.
"పుట్టిన తేదీ అడుగు. మీ అమ్మైనా సరే."
అడిగితే నవ్వుతారు. కొందరు మొహం ముడుచుకుంటారు:
"నీ బాప్తిస్మం నాడు కేకు కోసిన చెయ్యి ఇది,
నన్నే ఎవరంటావా?"

ఫిబ్రవరిలో ఒక మంగళవారం అడగలేదు.
పడవ కూత వేసింది. రేవు గార్లాండ్ తొందరలో ఉన్నాడు.
మా నాన్నతో కలిసి వల లాగినవాడు.
సంచీ చేతిలో పెట్టేశాను.
కొండ గార్లాండ్ షుగరు మాత్రలు,
షుగరు లేని మనిషి చేతిలో.

అరలో మిగిలిన సంచీ మీద పేరు చదివింది డ్రుసిల్లా.
నన్నేమీ అనలేదు.
కోటు లేదు, కాళ్లకి షాపు చెప్పులు,
అరవై రెండేళ్ల మనిషి ఆ జారుడు మంచు మీద
రేవు దాకా పరుగు, వీధి కుక్కలన్నీ వెనకాల.
"గార్లాండ్! మింగావా?"
ఆయన పడవ మెట్ల మీంచి సంచీ పైకెత్తాడు,
పెద్ద చేప పడ్డవాడు ఎత్తి చూపించినట్టు.
ముడి విప్పలేదు.

కౌంటరు కింద నీలం అట్ట పుస్తకం ఒకటుంది,
గుమ్మం దాటకముందే దొరికిన తప్పులు అందులోకి.
దాటినవి ఎర్ర అట్టలోకి, పైవాళ్లకీ తెలపాలి.
"ఇది ఏ పుస్తకం?" అన్నాను.
గుమ్మం దాటింది, గొంతు దాటలేదు.
"ఎర్రది," అంది, పాదాలు వేడినీళ్లలో పెట్టుకుని.
"నీ పేరు రాయకు. ఎలా జరిగిందో రాయి.
పడవ కూసిందని రాయి. సంచీలు పక్కపక్కనే ఉన్నాయని రాయి.
ఆయన్ని అడగడానికి మొహమాటపడ్డావని రాయి."

ఆ సాయంత్రం నీలం పుస్తకం తిరగేశాను.
మొదటి పేజీ ఆమె చేతిరాతే.
దశాంశం చుక్క ఒకటి కనబడక
పసివాడి సీసాలో పది రెట్ల మందు,
మూత బిగిస్తూ బిగిస్తూ ఆగిన చెయ్యి.
ఆ పసివాడే ఇప్పుడు మా పడవ నడుపుతాడు.
వాడికి తెలియదు.

నిన్న మా అమ్మ వచ్చింది దగ్గు మందుకి.
"పుట్టిన తేదీ?"
మోచేతులు కౌంటరు మీద ఆనించి నన్ను కాసేపు చూసింది.
"నిన్ను కన్న తేదీ చెబితే చాలదా?"
చాలదన్నాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.
చెప్పింది, గొణుగుతూ,
రెండేళ్లు తగ్గించి.
కాగితంతో కలవలేదు.
మళ్లీ అడిగాను.